ఆస్టిన్ సెవెన్ కేబుల్ బ్రేకులు: తీగ బిగించే ముందు చూడవలసినవి

1922 నుంచి 1939 వరకు బ్రిటన్‌లో తయారైన ఆస్టిన్ సెవెన్‌కు మొదటి నుంచీ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉన్నాయి. అయితే తొలి కార్లలో పెడల్ వెనుక చక్రాలను, చేతి లివర్ ముందు చక్రాలను పట్టేవి. 1930లో ఈ రెంటినీ కలిపారు. కాబట్టి మీ కారు ఏ కాలానిదో ముందుగా నిర్ధారించుకోవాలి. పట్టు తగ్గిందనగానే చాలామంది బ్రేకును లాగే తీగను (కేబుల్‌ను) బిగిస్తారు. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని. చక్రాలు ఎత్తి చేసే పని కనుక గట్టి స్టాండ్లు వాడాలి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి.

పెడల్ లోతుకు పోతుంది, అయినా కారు ఆగదు

తీగ లాగగానే క్యామ్ అనే చిన్న ముక్క తిరిగి, రెండు వంపు షూలను విడదీసి, చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలికి అదుముతుంది; షూల మీది రాపిడి పొరే లైనింగు. లైనింగు అరిగేకొద్దీ షూ డ్రమ్మును తాకడానికి క్యామ్ మరింత తిరగవలసి వస్తుంది, దానితోపాటు క్యామ్‌ను తిప్పే లివర్ (తీగ తగిలించే చిన్న కడ్డీ) కూడా ముందుకు వాలిపోతుంది. బ్రేకు పట్టే క్షణంలో తీగకూ లివర్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలు ఉంటే లాగిన బలమంతా క్యామ్‌ను తిప్పడానికి ఉపయోగపడుతుంది. అదే కోణం 45 డిగ్రీల దాకా పక్కకు జరిగితే దాదాపు 29 శాతం వృథా అవుతుంది. తీగను బిగిస్తే పెడల్ పైకి వస్తుందే తప్ప, పట్టే చోట లివర్ కోణం ఏమాత్రం మారదు. పైగా బాగా అరిగిన షూల మధ్య క్యామ్ అడ్డంగా తిరిగి ఇరుక్కుంటే చక్రం బిగుసుకుపోయే ప్రమాదముంది. కొత్త లైనింగు వేయించడమే అసలు పరిష్కారం. డ్రమ్ములను లేత్ పట్టించి ఉంటే లోపలి వ్యాసం పెరుగుతుంది కనుక మందమైన లైనింగు కావాలి, లేదా క్యామ్ తాకే షూ చివర ఉక్కు ముక్కతో ఎత్తు పెంచాలి. లైనింగు మీద సుద్ద రాసి, డ్రమ్ము తొడిగి, బ్రేకు వేసి తిప్పితే ఎక్కడ తాకుతోందో గీతలు చెబుతాయి. చివరలే తాకుతుంటే వాటిని అరగదీసి, డ్రమ్ము వంపుకు సరిపడేలా చేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇంత ఫలితం మరే పనిలోనూ కనిపించదు.

నిలిపి ఉన్నప్పుడు గట్టిగా, రోడ్డు మీద మెత్తగా

ముందు ఇరుసు ఒకే అడ్డ స్ప్రింగు మీద ఆధారపడి, వెనక్కి వెళ్ళి ఛాసిస్ మధ్యలో బంతి కీలుతో కలిసే రెండు కడ్డీల సాయంతో నిలుస్తుంది. బ్రేకు వేయగానే ఇరుసు కొద్దిగా మెలితిరిగితే ముందు తీగ వదులవుతుంది. సహాయకుడు పెడల్ నొక్కి (తొలి కార్లలో చేతి లివర్ లాగి) ఉంచగా కారును ముందుకు నెట్టి చూస్తే ఈ కదలిక కంటికే కనిపిస్తుంది. అరిగిన బంతి కీలును, స్ప్రింగు బిగింపులను సరిచేయాలి. అంతటితో తీరకపోతే, ఇరుసుకే చివర బిగించిన గట్టి తొడుగులో నడిచే తీగలు అమర్చవచ్చు; అప్పుడు ఇరుసు కదలిక వల్ల లాగుడు అంతగా తగ్గదు.

ఒక పక్కకు లాగడం

వెనుక ఇరుసు ఆయిల్ హబ్ (చక్రం నడిమి భాగం) దాటి లైనింగు మీదికి రావడం ఈ కారుకు పాత జబ్బు. ఆయిల్ పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ వాడకూడదు. కారుతున్న సీలును, లైనింగును రెండింటినీ మార్చాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కనుక దుమ్మును గాలితో ఊదకుండా, మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడవాలి. ఆయిల్ జాడ లేకపోతే కుడి ఎడమ లైనింగులు ఒకే రకమా, పెడల్ లాగుడును తీగలకు అందించే అడ్డ షాఫ్టు తిరిగే బుష్షులు బిగుసుకున్నాయా అని చూడాలి.

వదిలినా చక్రం తేలికగా తిరగదు

తుప్పు పట్టిన తీగ తొడుగు, బలం తగ్గిన షూ స్ప్రింగు, గ్రీజు అందని క్యామ్ షాఫ్టు ఇందుకు కారణాలు. పోగులు తెగిన తీగకు మాత్రం మరమ్మతు లేదు, మార్చవలసిందే.

చివరి సర్దుబాటు

నాలుగు చక్రాలూ ఎత్తి, పెడల్‌ను కర్రతో ఒకే స్థాయిలో నొక్కి నిలిపి (తొలి కార్లలో ముందు చక్రాలకు చేతి లివర్‌ను లాగి ఉంచి), ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ సమానంగా బిగిసేవరకు తీగలను సర్దాలి. పెడల్ వదలగానే అన్నీ స్వేచ్ఛగా తిరగాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పరీక్షించి, కొత్త తీగలు సాగి, లైనింగు కుదురుకున్నాక ఈ సర్దుబాటును మరోసారి చేయాలి.