పిల్లల చేతిలో ఫోన్: ఏది భయం, ఏది బేరం, ఏం చేయాలి

ఫోన్ వెనక అంటించే రూపాయి బిళ్లంత ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్ కొనకండి. చాలావరకు అది ఏ పనీ చేయదు. నిజంగా పనిచేసి తరంగాలకు అడ్డుపడితే ఇంకా చేటు. టవర్‌కు వినబడటానికి ఎంత పవర్ కావాలో ఫోన్ క్షణక్షణం చూసుకుంటూ సర్దుకుంటుంది. యాంటెన్నాకు అడ్డం వస్తే సిగ్నల్ తగ్గిందనుకుని పవర్ పెంచేస్తుంది. అమెరికాలో కొనుగోలుదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంగతే చెప్పి జనాన్ని హెచ్చరించింది. 2002లో ఇలాంటి ప్యాచ్‌లు అమ్మిన రెండు కంపెనీల మీద కేసు కూడా పెట్టింది. సరుకు పేరు మారుతూ ఉంటుంది, ఒకసారి చిప్, ఒకసారి లాకెట్, ఒకసారి పౌచ్. బేరం మాత్రం అదే.

ఇంతకీ ఆ భయంలో నిజమెంత? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మొబైల్ తరంగాలను ‘2బి’ వర్గంలో పెట్టింది. క్యాన్సర్ రావచ్చేమోనన్న అనుమానం ఉంది, రుజువు చాలదు అని దాని అర్థం. స్టిక్కర్ డబ్బా మీద ఈ ముక్క ఒక్కటే కనిపిస్తుంది, తర్వాతి కథ కనిపించదు. మన దేశంతో కలిపి 14 దేశాల్లో, 10 నుంచి 24 ఏళ్ల వాళ్ల మీద జరిగిన మోబి-కిడ్స్ అధ్యయనంలో ఫోన్ వాడకానికీ మెదడు కణితులకూ సంబంధం కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై చేసి 2024లో ప్రచురించిన పెద్ద సమీక్షా అదే మాట చెప్పింది. కాబట్టి మీ శ్రద్ధలో పదో వంతు రేడియేషన్‌కు పెట్టండి. మిగతాది నిద్రకు, కంటికి, ప్రకటనలకు కావాలి.

ఆ పదో వంతులో చేయాల్సినవి

డయల్ ప్యాడ్‌లో *#07# కొడితే మీ ఫోన్ ఎస్‌ఏఆర్ విలువ, అంటే ఒంట్లోకి ఇంకే తరంగాల శక్తి కొలత, కనిపిస్తుంది. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి దీని పరిమితి కిలోకు 1.6 వాట్లు. పరిమితి లోపల ఉందా లేదా అన్నంత వరకే ఆ అంకె పనికొస్తుంది. 0.8 ఉన్న ఫోన్ 1.1 ఉన్నదానికంటే సురక్షితమని చెప్పి అమ్మితే నమ్మకండి. ఫోన్‌ను అత్యధిక పవర్‌లో పెట్టి ప్రయోగశాలలో కొలిచిన అంకె అది. రోజువారీ వాడకంలో ఎంత పడుతుందన్నది సిగ్నల్‌ను బట్టి, దూరాన్ని బట్టి ఉంటుంది.

అందుకే లిఫ్టులో, సెల్లార్‌లో, పరుగెత్తే రైల్లో, సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు పిల్లాడి చెవికి ఫోన్ పెట్టకండి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్లతో పంపుతుంది, 2జీలో ఒక్కో విడతకు 2 వాట్ల దాకా పోతుంది. అమెరికాలో ఉన్న అమ్మమ్మతో మాట్లాడించాలంటే స్పీకర్ వేసి ఫోన్‌ను జానెడు దూరంలో బల్ల మీద పెట్టండి. దిండు కింద ఫోన్ వద్దు, దీనికి రేడియేషన్‌కంటే బ్యాటరీ వేడి ముఖ్య కారణం. అపార్ట్‌మెంట్ మీద టవర్ వద్దని గొడవపడేవాళ్లకు ఒక మాట: టవర్ దూరమైనకొద్దీ చెవి దగ్గరున్న ఫోన్ పవర్ పెంచుకోవాల్సి వస్తుంది.

కళ్లు: జోడు కాదు, ఎండ

కళ్లజోళ్ల షాపులో స్క్రీన్ నీలి కాంతిని ఆపుతాయంటూ పిల్లలకు ‘బ్లూ కట్’ అద్దాలు అదనపు ధరకు అంటగడతారు. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూస్తే, ఈ అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఆ డబ్బు మిగుల్చుకుని పిల్లల్ని బయటికి పంపండి. రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లల్లో మైనస్ సైట్ మొదలవడం తగ్గుతుంది. రెండు గంటలూ ఒకేసారి దొరకవు కాబట్టి బడికి నడక, సాయంత్రం ఆట, డాబా మీద గంట అని విడగొట్టండి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు, చెట్టు నీడ చాలు.

ఫోన్ చూసేటప్పుడు దూరం మూరెడు ఉండాలి. మూర అంటే పిల్లవాడిదే, మోచేతి నుంచి వేళ్ల కొస దాకా. పడుకుని చూస్తే ఈ దూరం దానంతటదే జానెడుకు దిగిపోతుంది, కాబట్టి కూర్చోబెట్టే ఇవ్వండి. ప్రతి 20 నిమిషాలకూ 20 సెకన్లపాటు 20 అడుగుల అవతలికి చూడమనాలి. చిన్నపిల్లలకు ఈ లెక్క ఎక్కదు. ‘కిటికీలోంచి వీధి చివరిదాకా చూసి ఏం కనిపించిందో చెప్పు’ అంటే ఎక్కుతుంది. కళ్లు చికిలించి చూస్తున్నా, బోర్డు కనబడటం లేదన్నా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చెవుల సంగతికొస్తే, ‘85 డెసిబెల్స్, పిల్లలకు సేఫ్’ అని రాసిన హెడ్‌ఫోన్ కొనేముందు ఒక లెక్క చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు చెప్పింది వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ వినదగ్గ సమయం సగమవుతుంది.

నిద్ర, అన్నం

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన కొలత ఇది: రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ అప్పుడప్పుడు పర్వాలేదు. రెండు నుంచి ఐదేళ్లకు రోజుకు గంట మించకూడదు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఫోన్ కోసేది ముందు దీన్నే. పడకకు గంట ముందు అన్ని ఫోన్లూ హాల్లో ఒకే ప్లగ్గు దగ్గర చార్జింగుకు పెట్టాలి, అమ్మానాన్నలవి కూడా. ‘అలారం కోసం’ అన్న సాకు పోవడానికి ఒక చిన్న అలారం గడియారం కొనండి.

బువ్వ తినేటప్పుడు ఫోన్ చూపే అలవాటును ఒక్కరోజులో తెంచితే ఇల్లు యుద్ధభూమి అవుతుంది. మొదటి వారం వీడియో తీసేసి పాట మాత్రం వినిపించండి, ఫోన్ కంటికి కనబడకూడదు. రెండో వారం పాట కూడా ఆపి, పిల్లాణ్ని పెద్దవాళ్లతోపాటు కూర్చోబెట్టి తన చేత్తోనే తిననివ్వండి. నాలుగైదు రోజులు తక్కువ తింటాడు, అన్నం సగం నేలపాలవుతుంది. నానమ్మ ‘పోనీలే, ఒక్క వీడియో’ అన్నచోటే ఇది చెడిపోతుంది, అందుకే ముందే ఆవిడతో మాట్లాడుకోండి. బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకు చూపాలి.

ప్రకటనలు చొరబడే తలుపులు

ఫ్రాన్స్ 2010లో 14 ఏళ్లలోపు వాళ్లను ఉద్దేశించి మొబైల్ ప్రకటనలు చేయకూడదని చట్టం చేసింది. బెల్జియంలో 2014 నుంచి ఏడేళ్లలోపు పిల్లల కోసం తయారైన ఫోన్లు అమ్మకూడదు. ఇప్పుడు పిల్లల్ని పట్టేది ఫోన్ ప్రకటనకంటే ఫోన్ లోపలి ప్రకటన. ఉచిత ఆటలో ‘ఈ వీడియో చూస్తే 50 నాణేలు’ అనేది బహుమతి కాదు, చూసినందుకు ఇచ్చే కూలి.

పిల్లల ఫోన్ వాడకాన్ని అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోమని అందరూ చెబుతారు. అది పిల్లల పేరుతో ఖాతా ఉన్న ఫోన్‌లోనే పనిచేస్తుంది. మన ఇళ్లలో పిల్లలు వాడేది అమ్మ ఫోన్, అమ్మ ఖాతా. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో ‘మల్టిపుల్ యూజర్స్’ ఉందేమో వెతికి పిల్లలకు వేరే యూజర్ తెరవండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ఉండదు. అప్పుడు సెక్యూరిటీలో, ఒక్క యాప్‌నే తెర మీద ఉంచే ‘యాప్ పిన్నింగ్’, దానితోపాటు బయటికి రావడానికి పాస్‌వర్డ్ అడిగే ఆప్షన్ ఆన్ చేసి, ఒక యాప్‌ను పిన్ చేసి ఇవ్వండి. ఇంకా తేలిక మార్గం: నాలుగు వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి ఫ్లైట్ మోడ్‌లో ఇవ్వడం. కొత్త ప్రకటనలు దిగవు, తరంగాలూ పోవు.

ప్లే స్టోర్‌లో కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. సెట్టింగ్స్‌లో గూగుల్, ఆపై యాడ్స్‌లోకి వెళ్లి, ప్రకటనలవాళ్లు మీ ఫోన్‌ను గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి. దీనితో ప్రకటనలు ఆగవు, వెంటాడటం తగ్గుతుంది. యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఒప్పుకున్న వీడియోలే వచ్చేలా పెడితే వెతికే సౌకర్యం మూతపడుతుంది, అదే కావాలి. చివరగా యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ జాబితా తెరవండి. ఒకసారి అనుమతి ఇచ్చాక 15,000 రూపాయల లోపు వాయిదాలకు మళ్లీ పిన్ అడగదు. తెలియని ఆట పేరు కనిపిస్తే రద్దు చేయండి.

డబ్బు అప్పటికే పోయి ఉంటే, గూగుల్ ప్లేలో 48 గంటల్లోపు రీఫండ్ అడగడం తేలిక, ఇంట్లోవాళ్లు అనుమతి లేకుండా కొన్నారని చెప్పే వీలుంది. తప్పుడు ఆరోగ్య ప్రకటన చూసి స్టిక్కరో అద్దాలో కొని ఉంటే బిల్లు, డబ్బా ఫొటో, ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గరుంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. శాస్త్రీయ ఆధారం లేకుండా పిల్లల పేరు చెప్పి ఆరోగ్య లాభాలు చాటకూడదని తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం తెచ్చిన 2022 జూన్ మార్గదర్శకాల్లో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఫిర్యాదులో ‘మోసం’ అని రాయడంకంటే డబ్బా మీదున్న మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, దానికి ఆధారం చూపమని అడగండి.