పావురాల రెట్టను శుభ్రం చేయవలసిన పద్ధతి

విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో ఏసీ యంత్రాల వెనుక, డక్టుల్లో, డాబా మీది నీళ్ల ట్యాంకుల చుట్టూ పేరుకునే పావురాల రెట్టను చాలామంది బాగా ఎండనిచ్చి చీపురుతో ఊడ్చేస్తారు. పని తేలికగా అయిపోతుంది గానీ, అసలు ప్రమాదం ఆ ఊడ్పులోనే ఉంది. సిట్టకోసిస్ అనే జ్వరానికీ, న్యుమోనియాకూ కారణమైన క్లామిడియా సిట్టాసి బాక్టీరియా ఎండిన రెట్టలో బతికి ఉండి, లేచిన దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. దానిని మోసే పక్షి చూడడానికి ఆరోగ్యంగానే ఉండవచ్చు.

కాబట్టి ముందు రెట్టను తడపాలి. ఎన్-95 మాస్కు, రబ్బరు తొడుగులు వేసుకుని, పిల్లలను లోపలికి పంపి, ఆ గదివైపు కిటికీలు మూసి, సబ్బునీళ్లను మెల్లగా చిలకరించి పది, పదిహేను నిమిషాలు నాననివ్వాలి. పైపుతో జోరుగా కొడితే తుంపరలు లేస్తాయి. నానిన రెట్టను రేకుతో గీకి సంచిలో కట్టేసి, నేలను కడిగిన తరువాతే 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ఉండే బ్లీచ్ ద్రావణం) ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచాలి. మురికి మీద నేరుగా పోస్తే క్లోరిన్ శక్తి ఆ మురికికే ఖర్చయిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌ను మాత్రం ఈ హైపోక్లోరైట్‌తో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

రెట్టలో ఉండగల మరో రెండు బాక్టీరియాలు సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్‌ల దారి వేరు. అవి నోటి ద్వారా చేరి విరేచనాలు కలిగిస్తాయి. కాంపైలోబాక్టర్ 42 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది, పక్షుల ఒంటి వేడి దాదాపు అంతే. అందువల్ల మూత పగిలిన ట్యాంకును తేలికగా తీసుకోకూడదు. రెట్ట పడితే నీళ్లన్నీ వదిలేసి, లోపల రుద్ది కడిగి, మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, పైకి తేరిన నీటిని మాత్రమే పోసి, గంట తరువాత వాడుకోవాలి.

గూటిలో గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయాక వల కట్టించడం ధర్మం. డాబా మీద గింజలు చల్లడం మానకుండా వల ఎన్నిసార్లు కట్టించినా, పుణ్యం మాట ఎలా ఉన్నా, పావురాలు మాత్రం తగ్గవు. ఇదంతా విని, పక్షులు చేరే గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు వెళ్లి గూడబాతులను (పెలికాన్లను) దూరం నుంచి చూడడానికి భయపడనక్కరలేదు. రాలిన ఈకలను పిల్లలు ఏరకుండా చూసి, తినే ముందు చేతులు సబ్బుతో కడిగిస్తే చాలు.

శుభ్రం చేసిన తరువాత రెండు వారాల లోపల జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే, పావురాల రెట్ట ముట్టుకున్న సంగతిని వైద్యుడికి మనమే చెప్పాలి. సిట్టకోసిస్ లక్షణాలు మామూలు ఫ్లూలాగే ఉంటాయి గనుక, ఆ మాట చెప్పకపోతే దానికి పనిచేసే యాంటీబయాటిక్ మందు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం ఆలస్యమవుతుంది.