జీడితోటకు అగ్గి అంటుకునే రోజును ముందే పసిగట్టడం ఎలా?

మార్చి దాటితే ఉద్దానం జీడితోటల్లో రాలిన ఆకు అప్పడంలా విరుగుతుంది. జీడిపిక్కలు ఏరే రోజులూ అవే. ఎవరో పారేసిన బీడీ ముక్క ఒకరోజు దానంతటదే ఆరిపోతుంది, ఇంకోరోజు తోటంతా నాకేస్తుంది. తేడా బీడీలో లేదు, గాలిలో ఉంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరిక ఎండ సంగతి చెబుతుంది. మీ తోటలో గాలి ఎంత పొడిగా ఉందో మాత్రం మీరే కొలుచుకోవాలి.

1. తేమ కొలవండి

గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొనండి, 50 డిగ్రీల దాకా చూపేవి. జ్వరం చూసేది పనికిరాదు. గంటసేపు పక్కపక్కన పెట్టి రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూడండి. తర్వాత ఒకదాని బుడ్డికి పాత నూలు పంచె పీలిక చుట్టి, దాని కొస నీళ్ల గ్లాసులో వేయండి. పాలిస్టర్ గుడ్డ నీళ్లు పీల్చదు. ఉప్పుబోరు నీళ్లు పోస్తే గుడ్డకు ఉప్పు పేరుకుని, తడి థర్మామీటరు అసలు కన్నా ఎక్కువ చూపుతుంది. అంటే పొడి గాలిని కూడా తడి గాలని నమ్మిస్తుంది. ఆర్వో క్యాన్ నీళ్లు వాడండి.

మధ్యాహ్నం 2 గంటలకు చెట్టు నీడలో, విసనకర్రతో మూడు నిమిషాలు విసిరి, అంకె దిగడం ఆగాక చూడండి. గాలి ఎంత పొడిగా ఉంటే తడిది పొడిదాని కన్నా అంత కిందికి దిగుతుంది. పొడిది 36, తడిది 29 ఉంటే తేమ 60 శాతం దగ్గర ఉన్నట్టు. 38, 24 ఉంటే 30 శాతం. 40, 23 అయితే 25 కూడా లేదు. ఆ రోజు తోటలో టీ పొయ్యి కూడా వద్దు.

2. గాలి చూడండి

అగ్నిమాపకులకు మూడు ముప్పైల లెక్క ఒకటుంది: 30 డిగ్రీలు దాటిన వేడి, 30 శాతం లోపు తేమ, గంటకు 30 కిలోమీటర్లు మించిన గాలి. మన వేసవిలో మొదటి ముప్పై ఎలాగూ దాటే ఉంటుంది, దాన్ని వదిలేయండి. దుమ్ము, కాగితాలు లేస్తే గాలి 20 దాటినట్టు, చిన్న చెట్లు నిలువునా ఊగితే 30 దగ్గరికి వచ్చినట్టు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే తేమ పెరుగుతుంది. పడమటి గాలి గట్టిగా వీచి దాన్ని లోపలికి రానివ్వని రోజే భయపడాలి.

3. రాత్రి వానను నమ్మకండి

1 మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజుగా లెక్కేస్తుంది. అంత పడినా పైఆకు కొద్ది గంటల ఎండకే ఆరిపోతుంది. గుప్పెట్లో నలపండి. పొడైపోతే ఆ వాన పడనట్టే.

4. మబ్బు తల చూడండి

ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలీఫ్లవర్‌లా ఉబ్బిన మబ్బు ఎదిగి ఎదిగి, తల కమ్మరి దాగలిలా పరుచుకుంటే అది క్యుములోనింబస్, ఉరుముల మబ్బు. దానిలోంచి పడే చినుకులు దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి కిందికి దూకి నాలుగు పక్కలా చిమ్ముతుంది. వానకు ముందు కొట్టే ఈదురుగాలి ఇదే. ‘ఎలాగూ వాన వస్తోంది కదా’ అని తుప్పలకు నిప్పు పెట్టేవాళ్లున్నారు. మంట దిక్కు నిమిషంలో మారిపోతుంది, వాన రాకనూ పోవచ్చు. పిడుగుల హెచ్చరిక కోసం ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి.

5. ముందు పని, ఆ రోజు పని

పిక్కల కాలానికి ముందే తోట చుట్టూ కనీసం 3 మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చి నేల కనబడేలా చేయండి. పడమటి వైపు, దారి వైపు ఇంకా వెడల్పు ఉండాలి. ఊడ్చిన ఆకు గోతిలో వేయండి. తేమ 30 లోపు ఉన్న రోజు నిన్నటి బూడిదను కూడా వదలకండి: నీళ్లు పోసి, పారతో తిరగేసి, మళ్లీ పోసి, చేతి వెనకభాగాన్ని దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరలేదు.

మంట లేస్తే ముందు 101కి చేయండి, దొరక్కపోతే 112. గాలి ఎటు పోతోందో అటు పరుగెత్తకండి, పక్కకు తప్పుకుని, అప్పటికే కాలిపోయిన నేల మీదికి చేరండి.