గూడుకట్టిన జాబితాలను చదివే చిన్న పార్సర్‌ను రాయడం ఎలా?

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో రూపకల్పన మొదలుపెట్టిన లిస్ప్ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చిన ఎస్-ఎక్స్‌ప్రెషన్ అనే రాత పద్ధతిలో ప్రధానంగా ఉండేవి రెండే: ఒక విడి పదం లేదా సంఖ్య, కాకపోతే బ్రాకెట్ల మధ్య ఒక జాబితా. ఆ జాబితాలో మళ్లీ జాబితాలు ఉండవచ్చు. నియమాలు ఇంత తక్కువ కనుక, తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ తొలి పార్సర్ (పాఠాన్ని చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే ప్రోగ్రామ్) రాయదలచిన విద్యార్థులు దీనితోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మన ఊళ్ల పేర్లతోనే ఒక ఉదాహరణ తీసుకుందాం.

(చిత్తూరు (మామిడి తోతాపురి బేనీషా) (పట్టణాలు పలమనేరు కుప్పం))

మొదట దీనిని టోకెన్లుగా, అంటే విడి ముక్కలుగా, విడగొట్టాలి. ప్రతి బ్రాకెట్ ఒక టోకెన్, ప్రతి పదం ఒక టోకెన్. ఖాళీలను వదిలేస్తే ఇక్కడ మొత్తం 13 టోకెన్లు వస్తాయి. తెలుగులో రాసేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. పైథాన్ భాషలో, పాఠంలోని నమూనాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదానికి వాడే మామూలు గుర్తు (\w) గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు కాబట్టి, ‘తిరుపతి’ అన్న పదం ‘త’, ‘ర’, ‘పత’ అనే మూడు ముక్కలై బయటికి వస్తుంది. అందువల్ల ఏవేవి అక్షరాలో చెప్పడం మాని, బ్రాకెట్టూ ఖాళీ కానిదంతా పదంలో భాగమేనని నిర్వచించాలి.

తర్వాత ‘చదువు’ అనే ఫంక్షన్ రాయాలి. అది ఒక టోకెన్ తీసుకుంటుంది. అది పదమైతే అలాగే తిరిగి ఇస్తుంది, సంఖ్యలా ఉంటే సంఖ్యగా మారుస్తుంది. తెరిచే బ్రాకెట్ అయితే ఖాళీ జాబితాను సిద్ధం చేసుకుని, మూసే బ్రాకెట్ ఎదురయ్యేవరకు తనను తానే పిలుచుకుంటూ, వచ్చిన ప్రతి ఫలితాన్నీ ఆ జాబితాలో చేరుస్తుంది. ఎన్ని పొరలున్నా పని ఇంతే. అయితే ఎక్కడి వరకు చదివామో చెప్పే స్థానం అన్ని పిలుపులకూ ఉమ్మడిగా ఉండి తీరాలి. ఒక్కో పిలుపు తన సొంత నకలుతో నడిస్తే, లోపలి జాబితా ముగిశాక బయటి పిలుపు ‘మామిడి’ని మళ్లీ చదువుతుంది.

తప్పుల విషయంలో ఉదాసీనత పనికిరాదు. టోకెన్లు అయిపోయినా బ్రాకెట్ మూయకపోతే, మూయని ఆ బ్రాకెట్ ఏ వరుసలో తెరుచుకుందో చెప్పాలి. వాడేవారికి కావలసింది ఆ సమాచారమే. మూసే బ్రాకెట్‌తోనే మొదలైనా, మొత్తం చదివాక టోకెన్లు మిగిలినా అదీ తప్పే. పైథాన్‌లో పిలుపుల లోతుకు సాధారణ పరిమితి 1000 కాబట్టి, అంతకు మించిన పొరలు రావచ్చనుకుంటే, ఫంక్షన్ తనను తాను పిలుచుకోకుండా, స్టాక్‌తో (చివర పెట్టినదాన్ని ముందు తీసే జాబితాతో) రాయాలి.

చివరగా, వచ్చిన జాబితాను మళ్లీ బ్రాకెట్లతో అచ్చువేసి, ఆ పాఠాన్ని అదే పార్సర్‌తో చదివించి, రెండు జాబితాలూ ఒకటేనో కాదో సరిపోల్చండి.