ఒగ్గు కథకు వెళ్తే డోలు పక్కనే కూర్చోండి

మాది తెనాలి వైపు. బుర్రకథలు వింటూ పెరిగినదాన్ని. పెళ్లయి చేర్యాల దగ్గర పల్లెకు వచ్చిన కొత్తల్లో "రాత్రికి ఒగ్గు కథ ఉంది" అంటే, ఓ గంట చూసి వచ్చేద్దాం అనుకున్నాను. బుర్రకథలాగే ఇదీ, తెలంగాణలో డోలు మోత మధ్య మల్లన్న, ఎల్లమ్మ లాంటి దేవతల కథలు పాడుతూ ఆడుతూ చెప్పడం. వెనకాల కుర్చీ వేయించుకుని, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి పెట్టుకుంటే డోలు దెబ్బలకు అంతా బరబరమంటూ ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడ విన్నదీ గుర్తులేదు. ఆ పని మీరు చేయకండి.

కథ తెలుసుకుని వెళ్లండి. సస్పెన్స్ పోతుందేమోనన్న బెంగ వద్దు, అక్కడ కూర్చున్న ముసలమ్మలందరికీ కథ కంఠతా వచ్చు. మల్లన్న కథయితే బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఆయన భార్యలని తెలిస్తే చాలు. ఎల్లమ్మ కథలో జమదగ్ని చెప్పాడని పరశురాముడు తల్లి తల నరుకుతాడు. యాస చెవికి అలవాటు కావాలంటే ముందుగా చుక్క సత్తయ్య గారి కథలు వినండి. జనగామ వైపు మాణిక్యపురం ఆయనది. సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, 2017లో పోయారు.

కొమురవెల్లిలో మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఆదివారాల్లో. మొదటి ఆదివారాన్ని పట్నం వారం అంటారు. హైదరాబాద్ జనమంతా అక్కడే ఉంటారు, కథ వినడానికి ఆ రోజు దండగ. నన్నడిగితే, మొక్కు ఉన్నవాళ్లు ఇంటి ముందు పట్నం, అంటే దేవుడి పేర రంగుల ముగ్గు, వేయించి చెప్పించే కథే కథ. తెలిసినవాళ్లుంటే మొహమాటపడకుండా అడగండి. కాస్త పెందలాడే వెళ్తే పట్నం వేయడం కూడా చూడొచ్చు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి ధారగా జారుతుంటే గీత ఎక్కడా తెగదు.

ఇక చోటు. నేల మీద, డోలుకు మూడు నాలుగు గజాల్లో కూర్చోండి. డోలుకు ఒకవైపు కర్రతో, ఇంకోవైపు చేత్తో కొడతారు. కర్ర దెబ్బ చెవికి వినిపిస్తుంది. చేతి దెబ్బ నేలలోంచి వచ్చి కడుపులో తగుల్తుంది. కుర్చీలో కూర్చుంటే ఈ రెండోది రాదు. కథకుడి చేతిలోని చిన్న డమరుకమే ఒగ్గు. దాని చప్పుడు తక్కువే, కానీ కథ మలుపు తిరిగేది దాంతోనే.

అర్ధరాత్రి దాటేదాకా లేవకండి. రెండో ఏడు నేను లేవలేదు. ఎల్లమ్మ కథ. కథకుడు భుజం మీది కండువా తీసి తలమీదుగా కప్పుకున్నాడు, అంతే, ఎల్లమ్మ అయిపోయాడు. డోలు ఆగింది. గజ్జెలు మోగకుండా పాదాలు నేలకు ఆనించి, "కొడుకా" అని ఒక్క పిలుపు పిలిచాడు. పొద్దున ఆయనతో డబ్బుల దగ్గర గీసిగీసి బేరమాడిన మా అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. అంతలో కథకుడి పక్కన వంత పాడేవాడు, "తల తెగినంక మనకు బువ్వెవ్వరు వండుతరే?" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే అందరూ పకపకా నవ్వారు. నేనొక్కదాన్నే, నవ్వొచ్చా అని చుట్టూ చూశాను. నవ్వొచ్చు. నవ్వకపోతే ఆయన మిమ్మల్నే చూపించి ఇంకో జోకు వేస్తాడు.

చాప, దుప్పటి, చిల్లర నోట్లు తీసుకెళ్లండి. చదివింపులకు మీ పేరు, ఊరు అడిగి మరీ కథ మధ్యలో పాడతారు. "తెనాలి బిడ్డ" అని నన్ను పాడినప్పుడు నోట్లు ఇంకో రెండు ఇచ్చాను. నుదుట పసుపు పెడతారు, తెల్లబట్టలు వేసుకోకండి. నా తెల్ల చుడీదార్ మీది మరక ఇప్పటికీ పోలేదు.