క్యాంపింగ్ ట్రైలర్‌లో ఇన్వర్టర్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

అనంతగిరి కొండల్లోనో, కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డునో ట్రైలర్ ఆపితే ఆ రాత్రికి ఆధారం 12 వోల్టుల బ్యాటరీ, వెయ్యి వాట్ల ఇన్వర్టర్, పైకప్పు మీద ఒక సోలార్ ప్యానెల్. ఇందులో ఏది మొరాయించినా నింద ముందు బ్యాటరీ మీద పడుతుంది. చూసినవాళ్లు కూడా "బ్యాటరీ పోయింది, మార్చేయండి" అనేస్తారు. తీరా కొలిచి చూస్తే తప్పు చాలాసార్లు వైరులోనో, వైరు చివర నొక్కించే లోహపు లగ్గులోనో, చార్జింగ్ పద్ధతిలోనో బయటపడుతుంది. లోడు పెట్టి వోల్టేజీ కొలవకుండా వేలకు వేలు పోసి కొత్త బ్యాటరీ కొనకండి.

ఇందుకు ఒక మల్టీమీటర్, డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి. చవక క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ ఒక్కటే ఉంటుంది, డయల్ మీద డీసీ ఆంప్స్ గుర్తు చూసి మరీ తీసుకోండి.

బ్యాటరీ ఫుల్ చూపిస్తోంది, మిక్సీ వేయగానే ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆగిపోతోంది

ఇన్వర్టర్‌కు తెలిసేది తన టెర్మినల్ దాకా వచ్చిన వోల్టేజీ మాత్రమే. అది 10.5 దగ్గరికి పడిందంటే బ్యాటరీ అయిపోయిందనుకుని ఆపేస్తుంది. అందుకే రెండు చోట్లా కొలవాలి. మిక్సీ లోడు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి దానితో కొలత కుదరదు. 700 వాట్ల రైస్ కుక్కర్‌లో నీళ్లు పోసి ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగండి. మీటరు ముళ్లు ముందు బ్యాటరీ సీసపు పోస్టుల మీదే ఆనించాలి, వాటికి బిగించిన లగ్గుల మీద కాదు. ఆ అంకె రాసుకుని వెంటనే ఇన్వర్టర్ టెర్మినల్స్ దగ్గర కొలవండి.

రెండు చోట్లా కలిసికట్టుగా 11 కిందికి జారితే బ్యాటరీలో చార్జైనా లేదు, సత్తువైనా లేదు. బ్యాటరీ దగ్గర 12.1 ఉండి ఇన్వర్టర్ దగ్గర 11.1 వస్తే మాత్రం ఆ ఒక్క వోల్టునూ దారిలో వైరో, జాయింటో తినేస్తోంది.

లెక్క చూడండి. 700 వాట్ల లోడుకు ఇన్వర్టర్ నష్టం కలుపుకుని బ్యాటరీ నుంచి సుమారు 66 ఆంప్స్ లాగుతుంది. ప్లస్ మూడు మీటర్లు, మైనస్ మూడు మీటర్లు 10 చదరపు మి.మీ. రాగి వైరు వేసి ఉంటే అందులోనే 0.7 వోల్టు పోతుంది. అదే 35 చదరపు మి.మీ. వైరు, ఒక్కోటి మీటరు పొడవు వేస్తే పోయేది 0.07. ఇంట్లో 230 వోల్టుల వైరింగ్‌కు అలవాటుపడిన ఎలక్ట్రీషియన్లు ఇక్కడే పొరపాటు పడతారు. వాట్లు అవే అయినా 12 వోల్టుల వైపు ఆంప్స్ దాదాపు ఇరవై రెట్లు ఉంటాయి.

వైరు సరిపడా లావున్నా వోల్టేజీ పడుతుంటే జాయింట్లు ఒక్కొక్కటే పట్టుకోవాలి. కుక్కర్ నడుస్తుండగా ఒక ముల్లు పోస్టు మీద, రెండోది దానికి బిగించిన లగ్గు మీద పెట్టండి. 0.05 వోల్టు దాటితే ఆ బిగింపు బాగాలేనట్టే. ఫ్యూజ్ హోల్డర్‌కు రెండు వైపులా, ఐసోలేటర్ స్విచ్‌కు రెండు వైపులా ఇలాగే చూడండి. తప్పున్న చోటు చేత్తో ముట్టుకుంటేనే వెచ్చగా తెలుస్తుంది. విప్పి చూస్తే పోస్టు చుట్టూ తెల్లటి పొడి, లగ్గు లోపల పచ్చటి చిలుం, నట్టు కింద నల్లబడిన వాషర్ కనిపిస్తాయి. సోడా ఉప్పు కలిపిన వేడి నీళ్లతో తుడిచి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

బిగించేటప్పుడు లగ్గు నేరుగా టెర్మినల్‌కు ఆనాలి. దాని మీద ప్లెయిన్ వాషర్, ఆపైన స్ప్రింగ్ వాషర్, ఆ తర్వాతే నట్టు. లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య స్టీలు వాషర్ పెడితే కరెంటంతా దాని గుండానే పోవాలి, అది వేడెక్కి కూర్చుంటుంది. లగ్గును సుత్తితో చదును చేయడం కుదరదు, హెక్స్ క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించాలి. వైరు ట్రూప్ బజార్‌లో అడిగి కొనేటప్పుడు చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. వెల్డింగ్ కేబుల్ మెత్తగా వంగుతుంది, ట్రైలర్‌కు బాగా పనికొస్తుంది. ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే 125 ఆంప్స్ ఫ్యూజు ఉండాలి. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరెగిరి నట్లు వదులవుతాయి కాబట్టి ప్రతి ట్రిప్పు ముందూ స్పానర్ వేసి చూడండి.

రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగం కంటే కిందికి రోజూ దించితే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి వాడుకోదగ్గది 900. పైగా ఆ 150 అనేది 7.5 ఆంప్స్ చొప్పున ఇరవై గంటలు తీస్తే వచ్చే లెక్క. కుక్కర్ లాంటి వాటితో 66 ఆంప్స్ లాగితే సగానికి కొంచెం అటూఇటూగానే దిగిపోతుంది.

ఇప్పుడు ఖర్చు చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, తొమ్మిది గంటలకు 270. ఏమీ నడవకపోయినా ఇన్వర్టర్ తన కోసం 10 నుంచి 20 వాట్లు తింటుంది, పన్నెండు గంటలకు దగ్గరదగ్గర 180. ఇంటి నుంచి తెచ్చిన సింగిల్ డోర్ ఫ్రిజ్ మే నెల వేడిలో రోజుకు ఒక యూనిట్, అంటే 1000 వాట్ అవర్ల దాకా లాగగలదు. ఆ ఫ్రిజ్ ఒక్కటే మీ బ్యాటరీని ముంచుతోంది. ఫ్యాన్, లైట్లు, ఫోన్ చార్జర్లు నేరుగా 12 వోల్టులవి పెట్టి పడుకునే ముందు ఇన్వర్టర్ ఆపేయండి, ఫ్రిజ్ కూడా 12 వోల్టుల కంప్రెసర్‌ది తీసుకోండి.

ఖర్చు తక్కువే అయినా ఖాళీ అవుతోందంటే అప్పుడు బ్యాటరీని పరీక్షించాలి. ఫుల్ చార్జ్ చేసి, అన్నీ విప్పి, నాలుగైదు గంటలు వదిలేయండి. 12.6 పైన నిలబడితే బాగున్నట్టు. 12.2 ఉంటే సగం. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లులూ చూస్తే అయిదు ఒకలా ఉండి ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయింది, ఇక బాగుపడదు.

లిథియం బ్యాటరీ ఉన్నట్టుండి సున్నా వోల్టులు చూపిస్తోంది

చాలావరకు బ్యాటరీ చావలేదు, లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) తలుపు మూసుకుంది. బాగా దిగిపోయినా, ఎక్కువ కరెంటు లాగినా, వేడెక్కినా మూసుకుంటుంది. లోడ్లన్నీ తీసేసి, లిథియం మోడ్ ఉన్న చార్జర్ పెడితే సాధారణంగా లేస్తుంది. పాత ఇంటి ఇన్వర్టర్‌లోని చార్జర్‌తో నెట్టుకురావద్దు. ఈ బ్యాటరీకి 14.2 నుంచి 14.6 వోల్టులు చాలు, ట్యూబులర్ మోడ్ అంతకు మించి ఎక్కించవచ్చు.

ఇన్వర్టర్ వైరు తగిలించిన క్షణంలోనే పెద్ద స్పార్క్ వచ్చి బ్యాటరీ మూసుకుంటే కారణం వేరు. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉండి ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి, బీఎంఎస్‌కు అది షార్ట్‌లా కనిపిస్తుంది. ఇన్వర్టర్ స్విచ్ ఆపి ఉంచి, 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని ప్లస్ పోస్టుకూ ప్లస్ వైరుకూ మధ్య అయిదు సెకన్లు పెట్టండి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతుంది. అప్పుడు వెంటనే వైరు బిగించేయండి.

చార్జ్ ఎంతుందో వోల్టేజీ చూసి చెప్పడం ఈ రకంలో కుదరదు. చాలాసేపు 13.2 దగ్గరే ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. లోపలికి వచ్చే, బయటికి పోయే కరెంటును లెక్కగట్టే షంట్‌తో ఉన్న మీటరు పెట్టుకోవాల్సిందే.

330 వాట్ల ప్యానెల్ నుంచి 120 వాట్లు కూడా రావడం లేదు

ఎండ నిండుగా ఉన్నా క్లాంప్ మీటర్‌లో 9 ఆంప్స్ దగ్గరే ఆగిందా? అయితే ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉన్న చార్జ్ కంట్రోలర్ చవకైన పీడబ్ల్యూఎం రకం. ఆ ప్యానెల్ సుమారు 37 వోల్టుల దగ్గర 9 ఆంప్స్ ఇచ్చేలా తయారైంది. పీడబ్ల్యూఎం దాన్ని 13 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపేస్తుంది, మిగతా వోల్టేజీ వృథా. ఆ అదనపు వోల్టేజీని ఆంప్స్‌గా మార్చే ఎంపీపీటీ రకం కంట్రోలర్ 30 ఆంప్స్‌ది పెడితే అదే ఎండలో 20 ఆంప్స్ దాకా వస్తాయి. దాని ఇన్‌పుట్ పరిమితి 60 వోల్టులకు తగ్గకుండా చూడండి, లోడు లేనప్పుడు ప్యానెల్ 45 దాటుతుంది. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ఎంపీపీటీ ఉన్నా తక్కువొస్తే పైకెక్కి చూడండి. ఒక కొమ్మ నీడ ఒక మూల పడినా మూడో వంతు పోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, దాంతో 15 శాతం దాకా తగ్గడం మామూలే. పైకప్పుకు అతికించకుండా నాలుగు వేళ్ల సందు వదిలితే కొంత నయం.

మూడు గంటలు కారు నడిపినా చార్జ్ ఎక్కలేదు

ట్రైలర్ ప్లగ్గులోని సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది. పైగా చాలా కొత్త కార్ల ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా కోసం తన వోల్టేజీ తానే తగ్గించుకుంటుంది. కారు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా 16 చదరపు మి.మీ. వైరు లాగి, ట్రైలర్‌లో, తగ్గి వచ్చిన వోల్టేజీని బ్యాటరీకి సరిపడా పెంచే 20 ఆంప్స్ డీసీ-డీసీ చార్జర్ పెట్టాలి.

ఫ్యాన్ గుయ్యిమంటోంది, ఫ్రిజ్ కంప్రెసర్ వేడెక్కుతోంది

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని అది. మోటార్లకు ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

ట్రైలర్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది

దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. అన్ని ప్లగ్గులూ తీసి ఒక్కోటీ పెడుతూ పోండి. ల్యాప్‌టాప్ చార్జర్ లాంటిదానితో జివ్వుమంటే లోపలి ఫిల్టర్ లీకేజీ అయి ఉండొచ్చు, సాకెట్ ఎర్త్‌లను చాసిస్‌కు (ట్రైలర్ ఇనుప చట్రానికి) కలిపితే పోతుంది. కెటిల్‌తోనో గీజర్‌తోనో వస్తే ఆ వస్తువునే పక్కన పెట్టండి.

30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంది, టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కాబట్టి క్షేమం అనుకోవద్దు. ఆ బటన్ తన పరీక్షను ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యే చేసుకుంటుంది. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను చాసిస్‌కు కలపకపోతే, లీకైన కరెంటుకు తిరిగొచ్చే దారి లేక అసలు సమయంలో అది పడదు. ఇన్వర్టర్ మాన్యువల్ ఒప్పుకుంటేనే ఆ కలిపే పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఫామ్‌హౌస్‌లోనో రిసార్ట్‌లోనో బయటి కరెంటుకు తగిలించినప్పుడు ఆ కలయిక తెగిపోవాలి, అందుకు దానంతటదే మారే స్విచ్, అంటే చేంజోవర్ రిలే పెట్టించాలి.

కుళ్లిన గుడ్ల వాసన

బ్యాటరీ ఓవర్‌చార్జ్ అవుతోంది. స్టవ్ వెలిగించకండి, లోపల ఏ స్విచ్చూ వేయకండి. తలుపులు తెరిచి అందరూ బయటికి రండి. సోలార్‌ను బయటి నుంచే ఆపండి, దుప్పటితో ప్యానెల్ కప్పినా చాలు. బయటి కరెంటుకు తగిలించి ఉంటే అటు వైపు స్విచ్ ఆపండి. బ్యాటరీ చల్లారాక చార్జర్ సెట్టింగ్, సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. పక్కలు ఉబ్బి ఉంటే దాన్ని మళ్లీ వాడొద్దు. కొత్తది పెట్టేటప్పుడు పడుకునే గదితో సంబంధం లేని పెట్టెలో, పైభాగాన గాలి బయటికి పోయే గొట్టంతో పెట్టండి. హైడ్రోజన్ పైకే లేస్తుంది కాబట్టి కింద రంధ్రం ఒక్కటే ఉంటే చాలదు.