తాబేలు ఇంటికొచ్చే కాలం, చేతులు పైలం

ఏప్రిల్ దాటిందంటే మా నల్లగొండ వైపు చెరువుల్లో అడుగు కనబడుతుంది. పూడిక తీసే పనులు మొదలవుతాయి. జేసీబీ బురద ఎత్తి ట్రాలీలో పోస్తుంటే మట్టితో పాటు తాబేళ్లు కూడా ఎక్కేస్తాయి. నీళ్లు ఎండినప్పుడు బురదలోకి దూరి, వాన పడేదాకా కదలకుండా ఉండటం మన చెరువు తాబేలుకు అలవాటు. చేనులో మట్టి గుమ్మరించాక అది మెల్లగా తల బయట పెడుతుంది. సెలవుల్లో ఉన్న పిల్లల కంట పడుతుంది. సాయంత్రానికి ఎవరింట్లోనో టబ్బులో తేలుతుంది.

ఇంకో దారి హైదరాబాద్ నుంచి. అక్వేరియం షాపుల్లో అరచేతిలో పట్టే పచ్చ తాబేలు పిల్లలు అమ్ముతారు, కళ్ల వెనక ఎర్ర చార ఉంటుంది. దాన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు, అసలు ఊరు అమెరికాలో మిసిసిపీ నది పరీవాహకం. అమ్మమ్మ ఊరికి సెలవులకొచ్చే పిల్లలు దాన్నీ డబ్బాలో పెట్టుకుని వస్తారు. పోయిన మే నెలలో మా అక్క వాళ్లింటికి అట్లనే వచ్చింది.

తాబేలు అనగానే పెద్దవాళ్లు ముందు చెప్పేది కరుస్తుందని. కరుస్తుంది, నిజమే. బురద తాబేలు మెడ మనం అనుకున్నదానికంటే చాలా పొడుగు సాగుతుంది, పక్కలు పట్టుకున్నా వేలు అందుకుంటుంది. గాటు పడితే పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగి, టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగాలి. కానీ కరిచే తాబేలు కంటే కరవని తాబేలుతోనే ముప్పు ఎక్కువ. చాలా తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. తాబేలుకు దానివల్ల మామూలుగా ఏ రోగమూ రాదు. హుషారుగా ఈదుతుంది, ఆకు వేస్తే తింటుంది, చిప్ప మెరుస్తుంటుంది. మలంతో పాటు ఆ బ్యాక్టీరియా నీళ్లలోకి వస్తుంది, నీళ్లలోంచి చిప్పకు, కాళ్లకు, టబ్బు గోడలకు అంటుతుంది. తాబేలును తాకనవసరం లేదు, ఆ నీళ్లలో చెయ్యి పెడితే చాలు.

టెస్ట్ చేయించి లేదని తేల్చుకుందామా అంటే అదీ కుదరదు. బ్యాక్టీరియా రోజూ బయటికి రాదు, కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. ఇవాళ లేదని రిపోర్టు వస్తే రేపు లేదని అర్థం కాదు. ఇంకొందరు నీళ్లలో యాంటీబయాటిక్ గోళీ కలుపుతారు. ఆ పని అస్సలు వద్దు. బ్యాక్టీరియా మొత్తం చావదు, మిగిలినది మందుకు లొంగని రకంగా తయారవుతుంది. రేపు మనిషికి సోకితే డాక్టర్ చేతిలో మందు పనిచేయకపోవచ్చు.

అమెరికాలో 1975 నుంచి చిప్ప పొడవు నాలుగు అంగుళాల లోపున్న తాబేళ్లను పెంచుకోవడానికి అమ్మడం నిషేధం. ఆ లెక్క ఎందుకంటే, అంత చిన్నదాన్ని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి సరిగ్గా ఆ సైజువే.

అక్క వాళ్లింట్లో నేను చూసింది ఒకటి చెప్పాలి. టబ్బు నీళ్లు రెండు రోజులకోసారి మార్చేవాళ్లు. ఆకుపచ్చగా, నీచు వాసనతో ఉండే ఆ నీళ్లను అక్క మగ్గుతో ముంచి గోడ పక్క కుండీల్లో పోసేది. కొత్తిమీర, పుదీన కుండీలు. "నీళ్లకు కరువున్న ఊరు తమ్మీ, ఒక్క మగ్గు పారవోయ బుద్ధి కాదు" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. మధ్యాహ్నం అదే కొత్తిమీర గిల్లి, పైపైన కడిగి పచ్చిపులుసులో వేసింది. పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు కదా. పప్పులో వేసి ఉడికిస్తే బ్యాక్టీరియా చచ్చేది. ఆ మగ్గు కూడా మళ్లీ బాత్‌రూమ్ బకెట్‌లోకే పోయింది, ఆమె రెండేళ్ల మనవరాలికి స్నానం పోసే బకెట్.

అందుకని నా మాట ఏంటంటే, తాబేలు కంటే ముందు దాని నీళ్ల మీద కన్నుండాలి. ఆ నీళ్లు పోయాల్సింది టాయిలెట్‌లోనే. కిచెన్ సింక్‌లో వద్దు, బోళ్లు తోమే బోరు దగ్గర వద్దు, పచ్చిగా తినే ఆకుకూరల మీద అసలే వద్దు. కనకాంబరాలకు పోసుకుంటే నాకైతే పేచీ లేదు, పిల్లలు ఆ మట్టిలో ఆడనంతవరకు. మగ్గు, బ్రష్, బకెట్ వేరేగా ఉండాలి. వాటి మీద ఎర్ర పెయింట్‌తో గీత కొట్టుకుంటే ఇంటికొచ్చిన చుట్టాలక్కూడా తెలుస్తుంది. టబ్బు కడిగాక ఆ చోట బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి కాసేపు ఉంచి కడిగేయాలి. నేల మీద తడి ఆరిపోయినా ఈ బ్యాక్టీరియా చాలా రోజులు బతుకుతుంది. ఎండాకాలంలో ఇంకో తిప్పలు, నలభై డిగ్రీల ఎండకు టబ్బు నీళ్లు వేడెక్కితే బ్యాక్టీరియా ఇంకా తొందరగా పెరుగుతుంది. నీడలో పెట్టాలి, నీళ్లు ఇంకా తరచుగా మార్చాలి.

చేతుల సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదీ అదే. తాబేలును ముట్టుకున్నా, దాని మేత డబ్బా ముట్టుకున్నా సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దాలి, గోళ్ల సందులతో సహా. నీళ్లు అందుబాటులో లేకపోతే శానిటైజర్ వాడి, తర్వాత సబ్బుతో కడగాలి. దాన్ని పట్టుకుని మురుకులు తినకూడదు, ముద్దు పెట్టకూడదు, నేల మీద వదిలి తిప్పకూడదు. అది తిరిగిన చోటే చంటిపిల్ల పాకుతుంది.

అయిదేళ్ల లోపు పిల్లలుంటే నేనైతే ఇంట్లో తాబేలు వద్దంటాను. చేతులు కడిగిస్తాంలే అంటారు, రోజుకు ఎన్నిసార్లు కడిగిస్తారు? గర్భిణులు, అరవై అయిదు దాటిన పెద్దవాళ్లు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో కూడా ఇదే మాట. వాళ్లకు సోకితే ఒక్కోసారి పేగుల్లో ఆగదు, రక్తంలోకి పోతుంది.

వాస్తు కోసం గిన్నెలో నీళ్లు పోసి పెట్టే ఇత్తడి తాబేలు ఉంది చూడండి, దాంతో ఈ టెన్షన్ ఏదీ లేదు.

సాల్మొనెల్లా సోకితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు తెలుస్తుంది. నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి. చాలామందికి నాలుగు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, యాంటీబయాటిక్ అక్కర్లేదు. కావాల్సింది నీళ్లు ఒంట్లో నిలవడం. లీటర్‌కు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటర్ నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాలి. లీటర్‌వి రెండు గ్లాసుల్లో కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. చిన్నపిల్లలకు జింక్ గోళీలు కూడా ఇస్తారు, మొత్తం పద్నాలుగు రోజులు వాడాలి. విరేచనాలు ఆపే మాత్రలు మెడికల్ షాపులో అడిగి పిల్లలకు వేయొద్దు. మలంలో రక్తం పడినా, ఏది తాగినా కక్కేస్తున్నా, మూత్రం తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, పిల్ల మగతగా పడున్నా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి పోవాలి.

అక్క మనవరాలికి ఆ జూన్‌లో విరేచనాలు, జ్వరం వచ్చాయి. క్లినిక్‌లో విడాల్ అనే రక్త పరీక్ష రాసి, టైఫాయిడ్ అనేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. టైఫాయిడ్ కూడా సాల్మొనెల్లాదే, కానీ ఆ రకం మనిషి నుంచి మనిషికి వచ్చేది, తాబేలు నుంచి కాదు. ఇంట్లో ఏమైనా జంతువు ఉందా అని వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. అసలు ఏమొచ్చిందో ఇప్పటికీ తెలియదు. తెలియాలంటే మల పరీక్ష, అదీ కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసేది), చేయించాలి. మీరు పోయినప్పుడు డాక్టర్ అడగకపోయినా తాబేలు సంగతి మీరే చెప్పండి.

బురదలో దొరికిన తాబేలుకు ఇంకో చిక్కు కూడా ఉంది, చట్టం. చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పెంచుకోవడం నేరం. 2022 సవరణ తర్వాత శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. ఇరవై గోళ్ల తాబేలు ఉంటే లక్షలొస్తాయని చెప్పేవాడు మోసగాడు, వాడి వెంట పోతే తాబేలుతో పాటు మనమూ దొరుకుతాం. ట్రాలీలో తాబేలు కనబడితే అటవీ శాఖవాళ్లకు చెప్పడమే మంచిది.

షాపు తాబేలుకు మాత్రం దీనికి ఎదురు. దాన్ని చెరువులో వదలొద్దు. అరచేతిలో ఉన్నది కొన్నేళ్లకు అడుగు దాకా పెరుగుతుంది, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. విసుగొచ్చి ఉదయసముద్రంలోనో పెద్ద చెరువులోనో వదిలితే మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే రాళ్లు అది లాక్కుంటుంది. అక్క వాళ్ల తాబేలు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చిన్నపిల్లలు లేని ఇల్లని నన్నే తీసుకుపొమ్మంది. ఎర్ర గీత మగ్గు కూడా దాంతో పాటే వచ్చింది.